ముప్పై ఎనిమిది మీద ఒక గీత

నేను ఒక స్టాప్‌వాచీని. ఇమ్మడి పురుషోత్తం నన్ను కొన్న రోజున అతని చేతిలో ఉన్నదేమిటో ముందే చెబుతాను, చివర లెక్క చూసుకోవడానికి పనికొస్తుంది. నాకు తొంభై రూపాయలు ఇచ్చాక జేబులో పదకొండు మిగిలాయి. అన్న ఇనప్పెట్టెలో అతని వాటా ఎనిమిది వేలు ఉన్నాయి. చంకలో ఒక నోటుబుక్కు, తలలో ఒక ఆలోచన.

నా సంగతీ కొంచెం చెప్పాలి. ఎక్కడో చలిదేశంలో, కిటికీ పక్కన కూర్చున్న ఆడవాళ్ళు నా చక్రాలు బిగించారు. సెకనుకు ఐదు గీతలు నా ముఖం మీద. ఒక్కో గీతా నా పరువు. మొదట సికింద్రాబాదులో ఒక పరుగుల మాస్టారు దగ్గర పదేళ్ళు పనిచేశాను. ఆయన కుర్రాళ్ళు ఓడినప్పుడల్లా నన్ను చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. గెలిచిన రోజున ఒక్కసారి కూడా ఊపలేదు. మనుషుల గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. ఆయన రిటైరయ్యాక సుల్తాన్ బజారులో గనీ భాయ్ రిపేరు కొట్టుకు చేరాను. అక్కడే పురుషోత్తం నన్ను చూశాడు, నూట ఇరవై అడిగిన వాచీని తొంభైకి తెచ్చాడు. బేరంలోనే నాకు నచ్చాడు.

అన్నదమ్ములిద్దరిదీ మలక్‌పేట గంజు బజారులో చింతపండు దుకాణం. అన్న రాజలింగం గల్లాపెట్టె దగ్గర, తమ్ముడు గోనెసంచుల దగ్గర. తమ్ముడికి నలభై ఏళ్ళు వచ్చినా ఏ సరుకు కొనాలో అన్నే చెప్పేవాడు. గంజుకు కూతవేటు దూరంలో రేసుకోర్సు. అక్కడికి పోయినవాళ్ళు ఏ గుర్రం గెలుస్తుందా అని తలలు బద్దలు కొట్టుకుంటారు. పురుషోత్తానికి ఆ ప్రశ్నే తప్పుగా తోచింది. గింజ తీసిన పువ్వు చింతపండు మంచిదని అందరికీ తెలుసు, అందుకే దాని మీద లాభం లేదు. నల్లబడ్డ గింజ చింతపండు అయినా సరే, దాని విలువకన్నా తక్కువ ధరకు దొరికితే అదే మంచి కొనుగోలు. గుర్రమూ అంతే కదా. ఐదు పరుగుల్లో ఒకటి గెలిచే గుర్రానికి రూపాయికి నాలుగు రూపాయలు న్యాయమైన ధర. పందాలవాళ్ళ బోర్డు మీద ఐదో ఆరో రాసి ఉంటే అది చవక. గెలిచే గుర్రం కాదు, చవక గుర్రం కావాలి.

చవకో కాదో తెలియాలంటే విలువ తెలియాలి. దానికే నేను. రేసులకు ముందు తెల్లవారుజామున గుర్రాలకు పరుగు పెట్టిస్తారు. చివరి ఆరు వందల మీటర్లు ముప్పై ఎనిమిది సెకన్లలోపు పరిగెత్తిన గుర్రం ఐదింట ఒకసారి గెలుస్తుందని అతని అంచనా. అలాంటి గుర్రానికి బోర్డు మీద ఐదుకు తగ్గకుండా ధర ఉంటే పందెం కాయాలి. ముప్పై ఎనిమిది మీద ఒక్క గీత దాటినా వద్దు. అదీ పద్ధతి.

పద్ధతి గెలిస్తే తన ఎనిమిది వేలు తీసుకుని వేరుపడతానన్నాడు. రాజలింగం నవ్వలేదు, తిట్టలేదు. వానాకాలం రేసులన్నీ కాగితం మీద ఆడమన్నాడు. పందెం పది రూపాయల చొప్పున రాసుకో, ఒక్క పైసా నిజంగా పెట్టకు. లాభం తేలితే డబ్బు నీది. తేలకపోతే ఆ ఎనిమిది వేలు చింతపండులోకే పోతాయి, ఇక గుర్రాల మాట ఎత్తకూడదు. పురుషోత్తం సరేనన్నాడు.

రోజూ పొద్దున్నే రేసుకోర్సు కంచె దగ్గర బాలమణి చాయ్ బండి పక్కన నిలబడేవాళ్ళం. అక్కడ మాలాంటి వాచీలవాళ్ళు ఇంకో పదిమంది ఉండేవారు. పురుషోత్తం పైసా పెట్టడని తెలిశాక వాళ్ళకు రోజూ పండుగే. "ఏం సేటూ, కాగితం గుర్రానికి కాగితం గడ్డే పెడుతున్నవా?" అని ఒకడు. ఇతను పట్టించుకునేవాడు కాదు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఆ పదిమందిలో ఒక్కడైనా తన నష్టం రాసుకున్నవాడు ఉన్నాడా?

రెండు నెలల్లో యాభై కాగితం పందాలు పూర్తయ్యాయి. ఐదు వందలు పెట్టినట్టు, ఎనిమిది వందల పది వచ్చినట్టు లెక్క. మూడు వందల పది లాభం. పురుషోత్తం నోటుబుక్కు తీసుకుపోయి అన్న ముందు పెట్టాడు. రాజలింగం పేజీలన్నీ నిదానంగా తిప్పి ఒకే ప్రశ్న అడిగాడు.

"తమ్మీ, తూకం ఎవరేసిండ్రు?"

"నేనే ఏసిన."

"కొనేటోడివి నువ్వే, తూచేటోడివి నువ్వేనా?"

గంజులో ఈ మాటకు ఉన్న బరువు బయటివాళ్ళకు తెలియదు. అక్కడ సరుకు తూచేవాణ్ణి దడ్వాయి అంటారు. వాడు కొనేవాడి మనిషి కాదు, అమ్మేవాడి మనిషీ కాదు. దడ్వాయి తూచని బస్తాను గంజులో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఇరవై ఏళ్ళు దడ్వాయి పక్కన నిలబడి తూకం చూసినవాడు ఇక్కడ మాత్రం తన కాటా తనే పట్టుకున్నాడు. మొదటి యాభై పక్కన పెట్టి, దడ్వాయిని పెట్టుకుని ఇంకో యాభై ఆడమన్నాడు అన్న. వంద రూపాయల లాభం తేలినా చాలన్నాడు.

పురుషోత్తానికి కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక నా మీద చూపించాడు. నేరుగా గనీ భాయ్ కొట్టుకు తీసుకుపోయి, ఇది సరిగ్గా నడుస్తున్నదో లేదో తేల్చమన్నాడు. గనీ భాయ్ నా వీపు విప్పి, పెద్ద గడియారం పక్కన పెట్టి గంటసేపు చూశాడు. "వాచీల ఖరాబీ ఏం లేదు సేట్" అని మూత బిగించాడు. నాకు ముందే తెలుసు. అడిగి ఉంటే రిపేరు కూలి మిగిలేది.

అలా బాలమణి దడ్వాయి అయింది. రోజుకు రెండు రూపాయలు. ఆమెకు గుర్రాల పేర్లు తెలియవు, తెలుసుకోవాలని కూడా లేదు. దూరాన ఆరు వందల మీటర్ల తెల్లస్తంభం దాటగానే ఒకసారి, గెలుపు గీత దాటగానే ఇంకోసారి నొక్కేది. నా ముల్లు ఎక్కడ ఆగితే అది వరుసగా సిరాతో రాసి, కాగితాన్ని బిస్కెట్ డబ్బాలో పెట్టి మూత వేసేది. పేర్లు పురుషోత్తం వేరే కాగితం మీద రాసేవాడు. రేసు రోజున రెండు కాగితాలూ రాజలింగం ముందు పక్కపక్కన పెట్టేవారు. ఆమె బొటనవేలు చాయ్ గ్లాసుల వేడికి కాయలు కాసింది. అంత నిలకడైన వేలు నా మీద అంతకు ముందు పడలేదు.

లెక్క దిగజారడం మొదలైంది. ఒకసారి ఎనభై లాభం, ఒకసారి నూట ఇరవై నష్టం. వానాకాలం చివరి రేసు రోజుకు నలభై తొమ్మిది పందాలయ్యాయి, నలభై రూపాయలు నష్టం. ఇంకొక్కటే మిగిలింది. ఆ వారం ఒక బూడిదరంగు ఆడగుర్రం పరుగు చూసి పురుషోత్తం చివరి పందెం దాని మీదే అనుకున్నాడు. డబ్బా మూత తీసి చూస్తే బాలమణి రాసింది ముప్పై ఎనిమిది మీద ఒక గీత. పద్ధతి ప్రకారం వద్దు. రాయలేదు. ఆ రోజు ముప్పై ఎనిమిదిలోపు వచ్చిన గుర్రం ఇంకొకటి లేదు.

ఆ ఆడగుర్రం గెలిచింది, రూపాయికి ఇరవై ధర మీద.

రెండు వందలు. నలభై నష్టం కాస్తా నూట అరవై లాభమయ్యేది. ఎనిమిది వేలు చేతికొచ్చేవి, సొంత దుకాణం వచ్చేది. మధ్యలో అడ్డం నిలబడ్డది నా ముఖం మీద వెంట్రుకంత గీత.

పురుషోత్తం చాయ్ బండి దగ్గరకు నడిచాడు. జేబులో ఉన్న నాకు అతని అడుగుల తొందర తెలుస్తూనే ఉంది.

"బాలమణీ, ఆ రోజు నీ వేలు జరంత ఆలిశం కాలేదా? నేను కండ్లార చూసిన."

ఆమె గ్లాసు కడుగుతూనే ఉంది. "ముల్లు ఏడ ఆగిందో గదే రాసిన."

"ఒక్క గీతనే గద."

"గుర్రం గెల్చిందని ముల్లు ఎనుకకు జరుగుతదా సేటూ? ఓడిపోతే గిట్లనే అడుగుదువా?"

పురుషోత్తం అక్కడే బల్ల మీద కూర్చుని మొదటి యాభై పందాల నోటుబుక్కు తెరిచాడు. అవి పెన్సిలుతో రాసినవి. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు. ఆరుచోట్ల రబ్బరుతో చెరిపిన గుర్తులు. ఆరుచోట్లా నేను ముప్పై ఎనిమిది మీద ఒక గీత చూపించాను. వేలు ఆలస్యమైందిలే అని, గుర్రం గెలిచాక, అతను ఆ గీతను చెరిపేశాడు. మోసం చేస్తున్నానని అనుకోలేదు, తప్పు దిద్దుతున్నాననే అనుకున్నాడు. ఓడిన గుర్రాల విషయంలో మాత్రం అతని వేలు ఒక్కసారీ ఆలస్యం కాలేదు.

ఆ ఆరింటి మీద రాసుకున్న లాభం మూడు వందలు. తీసేస్తే మొదటి సగంలో మిగిలింది పది రూపాయలు.

ఆ సాయంత్రం అతను నోటుబుక్కూ, బాలమణి కాగితాలూ అన్న ముందు పెట్టి, చెరిపిన చోట్లన్నీ తనే వేలితో చూపించాడు. పద్ధతి వీగిపోయిందనీ, ఆ ఎనిమిది వేలు చింతపండులోకే పోనీయమనీ చెప్పాడు. రాజలింగం ఆరు చెరుపులూ లెక్కపెట్టాడు. తర్వాత గల్లాపెట్టె తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. "ఇగ ఈ ఏడు కొనుగోలు నువ్వు చెయ్. తన తూకం తప్పని తనే చెప్పెటోడు గంజుల ఇంకొకడు లేడు."

మర్నాడు పురుషోత్తం నన్ను తీసుకుని కంచె దగ్గరకు వెళ్ళాడు. వాచీలవాళ్ళకు సంగతి అప్పటికే తెలిసింది. కాగితం మీద కూడా ఓడిపోయిన మొదటి సేటు నువ్వేనన్నారు, గట్టిగా నవ్వారు. అతను చాయ్ తాగేదాకా ఆగాడు.

"అవ్, నలబై ఓడిన. కాగితం మీద. మీరెంత ఓడిండ్రో మీకన్న ఎర్కనా? అడుగుతున్న, చెప్పుండ్రి."

ఒకడు తన వాచీకి కీ ఇచ్చుకున్నాడు. అతను నన్ను బాలమణి చేతిలో పెట్టి, పదిహేను రోజుల కూలి బాకీకి బదులు ఉంచుకోమన్నాడు. ముప్పై రూపాయలకు తొంభై రూపాయల వాచీ. జీవితంలో అతను చేసిన ఒకే ఒక్క నష్టపు బేరం అది, తెలిసే చేశాడు.

ఆ తర్వాత వింత జరిగింది. నవ్వినవాళ్ళే ఒక్కొక్కరుగా బండి దగ్గరకు వచ్చి, ఫలానా గుర్రం ఎంతలో వచ్చిందని బాలమణిని అడగసాగారు. వాళ్ళ వాచీలు వాళ్ళకే చుట్టాలని వాళ్ళకూ తెలుసు. ఆమె గుర్రానికి అర్ధరూపాయి తీసుకుని నేను చూపించింది చూపించినట్టు చెప్పేది. గీత తగ్గించమని బతిమాలితే చాయ్ పోసేది, గీత తగ్గించేది కాదు. పదకొండేళ్ళు అలా నడిచింది. ఆ డబ్బుతో ఆమె బండికి రేకుల కప్పు వచ్చింది, తర్వాత బండి స్థానంలో కొట్టు వచ్చింది.

నా స్ప్రింగు తెగి ఇప్పటికి చాలా కాలమైంది. ఆ బిస్కెట్ డబ్బాలోనే ఉన్నాను. పాత ఇనుము కొనేవాడు ఒకసారి నన్ను చేతిలో తూచి మూడు రూపాయలన్నాడు. బాలమణి డబ్బా మూత వేసింది.

నన్నెవరైనా పాడైన వాచీ అంటే ఒప్పుకోను. నేను ఆగిపోయాను, అంతే. తప్పు చెప్పలేదు. ఇక లెక్క. ఆ వానాకాలానికి పురుషోత్తం పెట్టిన ఖర్చు నా ధర తొంభై, గనీ భాయ్‌కి నాలుగు, బాలమణికి రొక్కంగా ఇచ్చిన కూలి వంద, చాయ్‌లు రాసుకోలేదు. గుర్రాల మీద వచ్చింది సున్నా, పోయింది సున్నా. ఆ ఏడు ఎనిమిది వేలూ తనే ఎంచి కొన్న గింజ చింతపండులో పెట్టాడు. మరుసటి శ్రావణానికల్లా తొమ్మిది వేల ఆరు వందలయ్యాయి. ప్రతి బస్తానూ దడ్వాయే తూచాడు.