తలుపు పడేదాకా పాలు కలపను

పిచ్చయ్య ఇంట్లో పిల్లులకు జరిగే మర్యాద కోడలికి జరిగేది కాదు. పెడనలో అద్దకం పనివాళ్ళ ఇల్లు అది. గుడ్డను కరక్కాయ రసంలోనూ గేదెపాలలోనూ ముంచి ఆరబెట్టకపోతే, అచ్చు వేసిన నల్లరంగు పాకిపోతుంది. ఆ పాలవాసనకు ఎలుకలు చేరి గుడ్డలు కొరికేవి. అందుకని పిచ్చయ్య పిల్లుల్ని చేరదీశాడు. అవి ఎలుకల్ని పట్టింది తక్కువ, పెరడంతా ఏలింది ఎక్కువ. చూర్లో ఒక్క పిచ్చుక గూడు మిగల్లేదు, కంచెలో ఉడుత కనబడదు. తెల్లారితే గుమ్మం నిండా ఈకలే. వాటిని ఊడ్చి ఊడ్చి కోడలు వెంకాయమ్మ విసిగిపోయింది.

ఒకరోజు ఆమె కూతురు నాంచారి, పిల్లి నోట్లోంచి పిచ్చుకపిల్లను విడిపించబోయింది. పిల్లి చెయ్యి గీరింది. గీత మానిందిగానీ చంకలో గడ్డ లేచింది. జ్వరంతో పిల్ల మూసిన కన్ను తెరవలేదు. బందరు డాక్టరు గడ్డ కోసి చీము తీసి, "ఇంకోసారి ఇలాగైతే తట్టుకోలేదమ్మా" అన్నాడు.

ఇంటికి రాగానే వెంకాయమ్మ మామగారి ఎదుట నిలబడింది.

"మావయ్యా, గుడ్డలు దాచే కొట్టుగదికి తలుపు పెట్టించండి. పిల్లులు అందులోనే ఉండి ఎలుకల్ని పట్టుకుంటాయి. పెరట్లోకి రావడానికి వీల్లేదు."

"పిల్లిని బంధిస్తే పాపమే. బంగారు పిల్లిని దానమిచ్చినా పోదు."

"అది చంపితేనండీ! మరి ఇవి పొట్టనబెట్టుకున్న పిట్టల పాపం ఎవరి నెత్తిన వేస్తారు? తలుపు పడేదాకా నేను పాలు కలపను."

ఆ ఇంట్లో పాలు కలపడం ఆమె చేతి పనే. రంగూన్ ఓడకు అందాల్సిన దుప్పట్లు ముందున్నాయి. పిచ్చయ్యకు ఒళ్ళు మండింది. "నువ్వు లేకపోతే పని ఆగిపోతుందా?" అని తనే కలిపాడు. నీళ్ళు ఎక్కువయ్యాయి. అచ్చు వేసిన నెమళ్ళన్నీ నల్లటి మరకలై కూచున్నాయి.

"మామకే ఎదురు తిరిగావుటే?" అని ఇరుగుపొరుగమ్మలు వచ్చి బుగ్గలు నొక్కుకున్నారు.

"తిరిగాను" అంది వెంకాయమ్మ, కూతుర్ని ఒళ్ళో సర్దుకుంటూ. ఆమెకు భయం లేకపోలేదు. పిల్లకేమవుతుందోనన్న భయం ముందు మామంటే భయం ఏపాటిది!

చివరికి పిచ్చయ్య కబురంపితే అచ్చులు చెక్కే వడ్రంగే వచ్చి తలుపు బిగించాడు. పిచ్చయ్య పళ్ళు కొరుక్కుంటూ పిల్లుల్ని ఒక్కొక్కదాన్నే ఎత్తి కొట్టులో వేశాడు. ఆఖరిది చెయ్యి గీరింది. ఆయన కండువా కప్పి దాచుకోబోయాడు.

వెంకాయమ్మ చూసింది. వేణ్ణీళ్ళూ సబ్బూ తెచ్చి ఆయన చెయ్యి లాక్కుని రుద్ది కడగసాగింది.

"చిన్నదేలేవే" అన్నాడు పిచ్చయ్య.

"నాంచారికీ ఇంతే గీరిందండీ."

పిచ్చయ్య కొట్టు తలుపు వైపు తిరిగి రెండో చేత్తో గొళ్ళెం తనే పెట్టాడు.