లెక్కలో లేని చప్పుడు

బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచిన ఏడాది అది. ఆ నీరు తీసి రెండు నెలలు దాటింది. కంకిపాడు దిగువన పంటకాలువ తూము దగ్గర, నీళ్లు వదిలే లస్కరు శౌరయ్య ఎప్పటిలాగే చీకటితో లేచి, కొలతరాయి మీద నీటి తడిని వేలితో తడిమి చూశాడు. మంచులో కాలువ కదులుతోందో నిలిచిందో తెలియడం లేదు. ముప్ఫై ఒక్క ఏళ్లు షట్టరు పిడి తిప్పి అతని కుడిభుజం కిందికి జారింది. అరచేతుల్లో గీతలు అరిగిపోయాయి.

ఇవాళ తిప్పేది మోటారు. దాన్ని నడిపే ప్రోగ్రాం రాగిణిది. విజయవాడ కాలేజీలో పరిశోధన చేస్తోంది. నెలరోజులు అతని పక్కనే కూర్చుని, నీరు ఎంతుంటే ఎన్ని చుట్లు తిప్పుతాడో రాసుకుంది.

“మీ బుర్రలో ఏముందో, మిషను లోపల ఏముందో అక్కర్లేదు బాబాయ్ గారూ. బయటికి ఏం కనపడుతోంది, తరవాత ఏమవుతోంది, అంతే. ప్రతి అడుగులోనూ ఒకేలా కనపడితే ఇద్దరూ ఒకటే. మా చదువంతా ఇదే.”

ఆ మాట అతనికి నచ్చింది. మంచు కింద రెండు కాలువలు పక్కపక్కనే పోతున్నట్టు, ఒకదాంట్లో తేలిన ఆకే రెండోదాంట్లోనూ తేలుతున్నట్టు, ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండానే రెండూ సముద్రంలో కలిసినట్టు అనిపించింది.

ఇంట్లో అతని భార్య మార్త ఆయాసపడుతోంది. విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్లమన్నారు. వంతులవారీగా నీళ్లు వదిలే రోజుల్లో లస్కరు తూము వదలకూడదు. అతను లేకుండా ఆమె కదలనంది.

“మిషను నీలాగే చేసిందా, అక్కడికక్కడే సెలవు రాసిస్తా శౌరయ్యా” అన్నాడు ఇంజనీరు తిరుపతిరావు. గట్టు మీద కారు కూడా సిద్ధంగా ఉంది.

రాగిణి మీట మీద వేలు పెట్టింది. కింద మంచులో, రేవు రాళ్ల మీద బట్టలు ఉతుకుతున్న చప్పుడు.

షట్టరు లేచే ముందు, తూము దగ్గర వేలాడే రైలుపట్టా ముక్క మీద మార్త మూడు దెబ్బలు కొట్టేది. అది విని రేవులో వాళ్లు నీళ్లు పెరిగేలోపు పైకెక్కేవాళ్లు. నిన్న గోడ పట్టుకుని వచ్చి మరీ కొట్టింది. రాగిణి అతను చేసేదే అడిగింది. అతను తను చేసేదే చెప్పాడు.

శౌరయ్య కారు వైపు ఒకసారి చూశాడు.

“ఆగమ్మా.”

వెళ్లి తనే కొట్టాడు.

“ఏం శౌరయ్యా, అన్నం తిన్లేదా?” కింద రేవులోంచి సంపూర్ణమ్మ కేకేసింది. “మార్త కొడితే ఉయ్యూరు దాకా వినపడేది!”

రాగిణి మొహం పాలిపోయింది. “రోజూ విన్నాను. ఏ చర్చి గంటో అనుకున్నా. నేను నీళ్లనే చూశాను.”

“చప్పుడేగా, రేపు పెట్టుకోవచ్చు. ఇవాళ్టికి సరిపోయిందని రాసెయ్యి” అన్నాడు తిరుపతిరావు.

“లేదండీ. కింద ఉన్నవాళ్లకి ఈయనా, ఈ మిషనూ ఒకటి కావు.”

కారు వెనక్కి వెళ్లింది. శౌరయ్య పిడి అందుకున్నాడు.

సాయంత్రానికి మోటారుకి సైరన్ కూత బిగించారు. మూడుసార్లు మోగి, షట్టరు లేచింది. సెలవు కాగితం చేతికొచ్చింది. పొద్దున్నే కారు పంపిస్తామన్నారు. శౌరయ్య కాగితంతో ఇంట్లోకి వెళ్లాడు.

“ఎవరు కొట్టారు?” మార్త కళ్లు తెరవలేదు.

“మిషను.”

“తొందరపడింది. రెండో దెబ్బ తరవాత కాస్త ఆగాలయ్యా. ముసలాళ్లు మెట్లెక్కొద్దూ? ముందు ఆ పిల్లకి చెప్పిరా.”

అతను చెప్పి వచ్చేసరికి మార్త తలగడ మీద పక్కకు ఒరిగి ఉంది. ఆయాసం లేదు. చల్లబడిన పాదాలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున కూత మోగింది. రెండోసారికీ మూడోసారికీ నడుమ ఆగింది. నీళ్లు వాటంతటవే కదిలాయి. చర్చి వాళ్లింకా రాలేదు. శౌరయ్య చెంబుతో నీళ్లు తీసుకుని పెరటి వసారాలోకి నడిచాడు. ఎండితే విరిగిపోతాయని, మార్త అల్లే తుంగపోచల మీద మెల్లగా చిలకరించాడు.

చాప సగం దాకా అల్లి ఉంది. మిగిలిన పోచలు తడిసి, ఎటు వదిలినవి అటే వేలాడుతున్నాయి.