ఎడమవైపు బ్రేకు

మా ఆయన పోయి తొమ్మిది నెలలు. ఆయన పేరు ఆనందం. ఆయన కారును మహేందర్‌కు ఇచ్చి ఆరు నెలలు.

ఆయనకు దిల్‌సుఖ్‌నగర్‌లో డ్రైవింగ్ స్కూలు ఉండేది. ఒక గది, రెండు కార్లు. ఒకటి మరీ పాతది, దాన్ని మెకానిక్ తీసుకుపోయాడు. రెండోది గేర్లు మార్చే పని లేనిది. కొత్తగా నేర్చుకునే ఆడవాళ్లకు సులువుగా ఉంటుందని చివర్లో కొన్నాడు. దాన్ని మహేందర్ అడిగాడు. ఇచ్చేశాను.

మహేందర్ పదో తరగతి లెక్కలు నా దగ్గర చదివాడు. తరువాత కారు నడపడం ఆయన దగ్గర నేర్చుకున్నాడు. ఇప్పుడు ముప్పయ్యేళ్లవాడు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం మానేసి, చంటి అనే స్నేహితుడితో కలిసి ఎల్బీనగర్‌లో షెడ్డు కిరాయికి తీసుకున్నాడు. మనిషి లేకుండా తనంతట తాను నడిచే కారు తయారు చేస్తున్నామని చెప్పాడు. ఆనందం కారు మీద కెమెరాలు బిగించి, డిక్కీ నిండా వైర్లు నింపారు.

ఆయన పోయిన మొదటి నెల ఇంటికి చాలామంది వచ్చారు. రెండో నెల కొందరు ఫోన్ చేశారు. తరువాత ఎవరి పనులు వాళ్లకు. మహేందర్ మాత్రం ప్రతి ఆదివారం పదిగంటలకు వచ్చేవాడు. గంటసేపు కూర్చుని, టీ తాగి, కారు పని ఎంతవరకు వచ్చిందో చెప్పి వెళ్లేవాడు. బడిలో నేను రోజంతా మాట్లాడతాను, కానీ అదంతా లెక్కల గురించే. ఇంట్లో నా గొంతు నాకు వినపడేది ఆదివారాలే.

గత నెల ఒక ఆదివారం అతను టీ ముట్టుకోలేదు.

"మేడం, మీరొక్కసారి కార్ల కూసోవాలె."

"ఎందుకు?"

"కొత్తపేటల మనకు తెలిసిన కాలనీ ఉన్నది గద. ఆడి పెద్దోళ్లు రైతుబజారుకు నడ్వలేకపోతున్నరు. పొద్దుగాల మా బండి తిప్పుతమని అసోసియేషన్‌ను అడిగినం. ప్రెసిడెంటు రామమోహనరావు సార్ నమ్ముతలేడు. టీచరమ్మ ఎక్కి, దిగి, బండే నడిచిందని చెప్తె ఒప్పుకుంటడంట. ఆ కాలనీ పిల్లలు సగం మంది మీ దగ్గర సదివినోళ్లే."

"నీకు నమ్మకం ఉందా?"

"నెల రోజులాయె మేడం, ఎవ్వరు చెయ్యి వెట్టలే. చంటి ఎడమ దిక్కు ఊకె కూసుంటడు. ఒప్పుకున్నరంటే సోమవారం సంది చంటి గూడ కూసోడు. ఆ సీటు గూడ పెద్దోళ్లకే."

"ఒప్పుకోకపోతే?"

"షెడ్డు ఖాళీ చేసుడే. కాలేజోళ్లు మల్ల రమ్మంటున్నరు. అది ఊరవతల. ఇగ ఈ దిక్కు రాకడ ఉండది."

నాకు అర్థమైంది. కారు నడిస్తే ఆదివారాలు ఉంటాయి. నడవకపోతే ఉండవు.

"చూసింది చెప్తాను" అన్నాను.

"గదే గావాలె మేడం" అని అప్పుడు టీ తాగాడు.

తరువాతి ఆదివారం ఏడింటికే కాలనీ గేటు దగ్గర జనం చేరారు. కారు చుట్టూ తిరిగి చూస్తున్నారు. పాలప్యాకెట్లు చేతిలో పట్టుకున్న ఒకాయన వంగి, కారు కిందికి కూడా చూశాడు.

"డ్రైవర్ లేకుంట నడుస్తదంట."

"మొన్న నేనెక్కిన ఆటోల డ్రైవర్ ఉండి గూడ లేనట్టే నడిసింది. గదేం పెద్ద ముచ్చట?"

"డిక్కీల మనిషిని పండవెట్టిండ్రేమో, తెరిసి సూడున్రి" అన్నాడు పాలప్యాకెట్ల ఆయన.

నిజంగానే ఒకతను డిక్కీ తెరిచి చూశాడు. వైర్లు తప్ప ఏమీ కనబడక నిరాశగా మూశాడు.

సుమిత్రమ్మ అనే పెద్దావిడ సంచీ పట్టుకుని సిద్ధంగా నిలబడింది. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. "నాయనా, నిన్న లేని గుంత ఇయ్యాల ఉంటది మన గల్లీల. డెబ్బై ఏండ్ల సంది నడుస్తున్న, నాకే తెల్వది. దీనికెట్ల తెలుస్తది?"

"కెమెరాలు చూస్తయమ్మా" అన్నాడు మహేందర్.

"నాకు గూడ రెండు కండ్లున్నయి కొడుకా. అయినా మొన్న పడ్డ."

అందరూ నవ్వారు. రామమోహనరావుగారు మాత్రం నవ్వలేదు. ఆయన గుడివాడ నుంచి వచ్చి ముప్పయ్యేళ్లుగా ఇక్కడే ఉంటున్న రిటైర్డ్ ఉద్యోగి. "పేపర్లో పదేళ్లబట్టి చదువుతున్నానండీ. ఇలాంటి కార్లు వచ్చే ఏడాదే వచ్చేస్తాయి, వచ్చే ఏడాదే వచ్చేస్తాయి అని. నా రిటైర్మెంటు కూడా వచ్చి వెళ్లిపోయింది. ఆ వచ్చే ఏడాది మాత్రం రాలేదు."

"ముందు ఎక్కి చూడండి బాబాయ్‌గారూ" అన్నాడు చంటి. అతనిది భీమవరం.

"నేనెక్కను బాబూ. నేనెక్కితే భయంతో కళ్లు మూసుకుని, దిగాక నడిచిందనే అంటాను. టీచరమ్మగారిని ఎక్కనీ. ఆవిడ ఉన్నదే చెబుతారు."

నేను వెనక సీటులో కూర్చున్నాను. పక్కన మహేందర్, ఒళ్లో లాప్‌టాప్. ముందు ఎడమవైపు చంటి. డ్రైవర్ సీటు ఖాళీ. మహేందర్ ఏదో నొక్కగానే స్టీరింగు దానంతట అదే తిరిగింది. గేటు దగ్గర పిల్లలు కేకలు వేశారు.

ఆయన పోయాక ఆ కారు ఎక్కడం అదే మొదటిసారి. సీటు బట్ట మార్చలేదు. ఖాళీగా తిరుగుతున్న స్టీరింగు కన్నా నా చూపు ఎడమ సీటు మీదికే పోయింది. డ్రైవింగ్ నేర్పేవాళ్లు కూర్చునేది ఎడమ సీటులో. వాళ్ల కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు తడబడితే దాన్ని నొక్కి ఆపుతారు. ఆనందం పదహారేళ్లు ఆ పక్కనే కూర్చున్నాడు. బస్సులో వెళ్తున్నా ముందు ఏదైనా అడ్డం వస్తే ఆయన కాలు నేలను నొక్కేది. నొక్కినట్టు ఆయనకు తెలిసేది కాదు.

నీళ్ల ట్యాంకరు ఒకటి సందులోంచి వెనక్కి వస్తోంది. మా కారు ఆగింది.

"చూసిన్రా మేడం, ఎవ్వరు ముట్టలే" అన్నాడు మహేందర్ సంతోషంగా.

చంటి బూటు బ్రేకును మ్యాటు దాకా నొక్కి ఉంది. నేను చూశాను. చంటి అప్పుడు తన మేనత్త పెళ్లిలో కరెంటు పోయిన సంగతి చెబుతున్నాడు. మాట ఆగలేదు, మొహం మారలేదు. కాలు మళ్లీ వెనక్కి వచ్చింది.

ఆనందానికి ఒక పద్ధతి ఉండేది. ప్రతి పాఠం అయ్యాక కారు దిగేముందు, తన కాలు బ్రేకు మీద ఎన్నిసార్లు పడిందో నేర్చుకునేవాళ్లకు చెప్పేవాడు. "ఇయ్యాల తొమ్మిది. ఆ తొమ్మిదిసార్లు బండి నడిపింది నేను, నువ్వు గాదు." వరసగా మూడు రోజులు సున్నా వస్తేనే లైసెన్సు పరీక్షకు పంపేవాడు. మిగిలిన స్కూళ్లు నెల తిరక్కుండా పంపేవి. అందుకని చాలామంది మధ్యలోనే మానేసి అక్కడికి వెళ్లిపోయారు. అంకె కాస్త తగ్గించి చెప్పొచ్చు కదా అని నేనే ఒకసారి అన్నాను. ఆయన తగ్గించలేదు.

ట్యాంకరుతో కలిపి నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఆవు అడ్డం వచ్చినప్పుడు కారే ఆగింది. చంటి కాలు కదల్లేదు. అది కారు లెక్కలో వేశాను. ఎదురుగా తప్పు దారిలో వచ్చిన స్కూటరుకు కాలు పడింది. కుక్కకు కారే ఆగింది. కొబ్బరిబోండాల బండికి మళ్లీ కాలు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. ఇద్దరికీ తెలియదు, అంతే. అబద్ధమే అయి ఉంటే నాకు సులువుగా ఉండేది.

గడ్డిఅన్నారం పాత పండ్ల మార్కెట్ గోడ పక్క నుంచి వెళ్లాం. తెల్లవారుజామున జనం లేనప్పుడు ఆయన మొదటి పాఠాలు అక్కడే చెప్పేవాడు. కాసేపు బయటికి చూశాను. మళ్లీ లోపలికి చూసేసరికి కారు వెనక్కి మళ్లి కొత్తపేట వైపు వస్తోంది.

గేటు దగ్గర ఆగగానే అందరూ కిటికీల దగ్గరికి వచ్చారు.

"నడిచిందా టీచరమ్మా?"

"మంచిగ నడిచిందా మేడం?"

నడిచింది అంటే చాలు. అందులో అబద్ధం కూడా లేదు, కారు నడిచింది. మహేందర్ నవ్వుతూ నా వైపు చూస్తున్నాడు. సుమిత్రమ్మ అప్పుడే చంటి దిగిన ఎడమ సీటు తలుపు పట్టుకుని, ఒక కాలు లోపల పెట్టబోతోంది.

"పద్నాలుగుసార్లు కారే ఆగింది" అన్నాను. "ఎనిమిదిసార్లు చంటి ఆపాడు."

"నేనా?" అన్నాడు చంటి. "అమ్మతోడండీ, నేను నొక్కలేదు. కాలు ఊరికే పెట్టుకుని కూర్చున్నానండీ!"

"నేను సెప్పలే!" అన్నాడు పాలప్యాకెట్ల ఆయన. "డిక్కీల గాదురా, మనిషి ముంగటనే కూసున్నడు!"

నవ్వులు లేచాయి. సుమిత్రమ్మ కాలు వెనక్కి తీసుకుంది. "అయితే ఇయ్యాల నడుసుడే" అని సంచీ భుజాన వేసుకుని కదిలింది. రామమోహనరావుగారు నాకు నమస్కారం పెట్టారు. "ఆ ఎనిమిదీ పోయాక రండి బాబూ, చూద్దాం" అని మహేందర్ భుజం తట్టి వెళ్లారు. ఆయన గొంతులో వెటకారం లేదు.

ఆ అంకెకు అర్థం ఏమిటో అక్కడ నాకూ మహేందర్‌కూ మాత్రమే తెలుసు. అందరూ వెళ్లాక, "దింపుత పదున్రి మేడం" అన్నాడు, నేల వైపు చూస్తూ.

"నడిచి వెళ్తాలే."

రెండోసారి అడగలేదు.

ఆ తరువాత రెండు ఆదివారాలు అతను రాలేదు. పరీక్ష పేపర్లు దిద్దుకున్నాను. ఒకసారి పది నుంచి పదకొండు దాకా ఒకే పేపరు దిద్దాను.

మూడో ఆదివారం ఫోన్ వచ్చింది.

"మేడం, ఆ బ్రేకుకు ఒక స్విచ్చి కట్టినం. కాలు పడితే లాప్‌టాప్‌ల కనవడ్తది. అదే రోడ్డు, అదే టైము. నొక్కొద్దురా అని చెప్పి మరీ చంటిని కూసోవెట్టిన."

"ఎన్ని?"

"పదకొండు."

"నేను ఎనిమిదే చూశాను."

"మార్కెట్ గోడ కాడ మూడు పడ్డయి మేడం."

"అక్కడ నేను బయటికి చూశాను."

"అవునా" అన్నాడు. ఎందుకని అడగలేదు. కాసేపు అతని వెనక ఎవరో ఇనుప సామాను జరుపుతున్న చప్పుడు వినిపించింది.

"చంటి నిన్న మస్తు పరేషాన్ అయిండు మేడం. నా కాలు నా మాట ఇంటలేదంటడు."

"అతన్ని ఏమీ అనకు."

"అనలే. షెడ్డు ఖాళీ చేస్తున్నం. కాలేజీల మల్ల చేరిన. ఆదివారం ఆడి గ్రౌండు ఖాళీగుంటది, బండి తిప్పుకోమన్నరు. సున్న ఒచ్చేదాంక ఎవ్వర్ని ఎక్కించ."

"ఎప్పటికి వస్తుంది?"

"తెల్వది మేడం." ఇన్ని నెలల్లో ఆ మాట అతను అనడం అదే మొదలు. మళ్లీ తనే అన్నాడు, "ఇగ ఆదివారాలు..."

"అర్థమైంది మహేందర్. మంచి పని."

"ఉంట మేడం."

ఫోన్ బల్ల మీద పెట్టాను. పదిన్నర కావస్తోంది. ఆదివారం పూట వీధి తలుపు గడియ వేసే అలవాటు లేదు. లేచి వెళ్లి వేశాను.