రంగు పట్టని చోటు

పెన్ను మళ్ళీ ఉమ్మింది. అట్టముక్క మీద సన్నని పొగలా పరుచుకోవాల్సిన ఎర్రమట్టి రంగు ఆవగింజలంత చుక్కలుగా చిమ్మింది. ఆమె మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాక్కుని, "నీ దుంప తెగ! పొద్దున్నే మొదలెట్టావా?" అంది.

దాని అసలు పేరు ఎయిర్‌బ్రష్. లావుపాటి పెన్నులా ఉంటుంది కాబట్టి వర్క్‌షాపులో అందరూ పెన్ననే అంటారు. నెత్తిన చిన్న గిన్నె, అందులో రంగు. తోకకు గొట్టం, ఆ గొట్టం చివర గుర్రుమంటూ గాలి కొట్టే కంప్రెసర్. మీట నొక్కితే గాలి వస్తుంది, వెనక్కి లాగితే రంగు వస్తుంది. ఇంతేగా అనుకుంటారు చూసేవాళ్ళు. ఇరవై రెండేళ్ళుగా దాంతో కాపురం చేస్తున్న మనిషికి తెలుసు అది ఎన్ని వేషాలు వేస్తుందో.

వెనక మర విప్పి, లోపలి సూదిని మెల్లగా బయటికి లాగింది. ఆ సూది మొన చూపుకు ఆనదు, వంగిందంటే మాత్రం రోజంతా ఏడిపిస్తుంది. వంగలేదు. మొన దగ్గర రాత్రి ఎండిపోయిన రంగు పొలుసుగా అంటుకుని ఉంది. దూదికి స్పిరిట్ అద్ది తుడిచింది, ముక్కు విప్పి నానబెట్టింది, మళ్ళీ బిగించింది, అట్ట మీద కొట్టి చూసింది. మళ్ళీ ఉమ్మింది. అయితే గాలిలో తడి చేరి ఉంటుందని గొట్టం మధ్యలో వేలాడే గాజు బుడ్డిని చూస్తే అడుగున చెంచాడు నీళ్ళు. వాన ముసురు పట్టి మూడు రోజులైంది మరి. ఆ నీళ్ళు ఒంపేసి మళ్ళీ కొట్టింది. ఈసారి రంగు పొగలా వచ్చింది, అంచు ఎక్కడ ఆగిందో తెలియనంత మెత్తగా. "ఆ, అలా దారికి రా," అంది.

అప్పుడు మొదటి తోలు ముక్క చేతిలోకి తీసుకుంది. అది ఆడవాళ్ళ బ్యాగుకు వచ్చే మూత. అంచుల్లో ముదురుగా, నడిమికి వచ్చేసరికి లేతగా, ఎండ తగిలి మగ్గిన పండులా ఉండాలి రంగు. గుడ్డతో అద్దితే అలా రాదు, పెన్నుతోనే వస్తుంది. బెత్తెడు దూరంలో పట్టుకుని, చెయ్యి ఆపకుండా, పల్చగా ఒక పూత వేసింది. ఆరనిచ్చింది. రెండో పూత వేసింది. నడిమిలో, సరిగ్గా అందరి కళ్ళూ పడే చోట, రంగు జారిపోయి తెల్లగా మచ్చ తేలింది.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇదే మచ్చ కిందటి వారం కూడా, కాకపోతే అప్పుడు దుకాణానికి చేరాక తేలింది. పద్నాలుగు బ్యాగులు దుకాణం నుంచి తిరుగుటపాలో వచ్చేశాయి. నిన్న సాయంత్రం యజమానురాలు వచ్చి, కోపం లేకుండా, అదే ఇంకా భయం వేసేలా చెప్పింది. "పిన్నీ, రేపు సాయంత్రానికి ఇరవై మూతలు మచ్చ లేకుండా ఇవ్వండి చాలు. మళ్ళీ ఇలాగే వస్తే మాత్రం రంగు వేసిన తోలే తెప్పించుకుంటాను. నన్ను తప్పు పట్టొద్దు." ఆ మాట ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. రంగు వేసిన తోలు వస్తే పెన్నుతో పని లేదు, పెన్నుతో పని లేకపోతే ఆమెతో లేదు. యాభై ఆరేళ్ళ వయసులో ఆమెకు చేతనైన పని ఇదొక్కటే. ఇంట్లో కోడలి వంటగదిలో ఆమెకు ఒక స్టూలు ఉంది. ఈ గదిలో ఒక బల్ల ఉంది, కిటికీ ఉంది, "పిన్ని చెప్తే సరే" అనే మాట ఉంది. వీటిని వదులుకోవడం ఆమె వల్ల కాదు.

గోళ్ళ సందుల్లో రంగు ఏ సబ్బుకూ పోదు. కొడుకు పెళ్ళి ఫొటోల్లో చేతులు కొంగు కింద దాచుకోమన్నారు. ముక్కైతే ఎప్పుడో చచ్చిపోయింది. ఇన్నేళ్ళు స్పిరిటూ రంగూ పీల్చి పీల్చి, పొయ్యి మీద పాలు మాడినా ఎవరో వచ్చి చెప్తే తప్ప తెలియదు. అయినా ఆ పెన్ను పట్టుకున్నప్పుడు తనకు మించినవాళ్ళు లేరని ఆమెకు గట్టి నమ్మకం. అది నిజం కూడా.

రెండో మూత పట్టుకుంది. గాలి ఎక్కువైందేమోనని తగ్గించింది. మచ్చ. రంగు చిక్కబడిందేమోనని పాత మేజోడు గుడ్డలో వడకట్టి, పల్చన చేసి కొట్టింది. మచ్చ. మరీ దూరం నుంచి కొడితే రంగు దారిలోనే ఎండి ఇసక రాలినట్టు పడుతుంది కదా, అలా కాకుండా రెండు వేళ్ళ దగ్గరికి వచ్చి కొట్టింది. అంత దగ్గరగా కొడితే సాలీడు కాళ్ళలా పాకింది గానీ మచ్చ మాత్రం పోలేదు. కొత్త సీసా విప్పింది. సూది మార్చింది. బల్బు మార్చింది. చివరికి బల్లను కిటికీ దగ్గరికి ఈడ్చింది. ఆరు మూతలు పాడయ్యాయి. తల ప్రాణం తోకకొచ్చింది.

"ఏం చిటపటా, పొయ్యి బాగా రాజుకున్నట్టుందే?"

గుమ్మంలో బావ. అక్క మొగుడు. అవతలి గదిలో తోలు కోసేది ఆయనే. అరవై ఎనిమిదేళ్ళు, జుట్టు తెల్లబడింది గానీ వేళాకోళం నల్లగానే ఉంది. చిటపట అని పేరు పెట్టింది ఆయనే. ఇప్పుడు కుట్టుమిషన్ల దగ్గర ఆడవాళ్ళు కూడా చాటుగా అదే పేరుతో పిలుస్తారు. ఆమె భర్త చనిపోయిన ఏడు ఈయనే చెయ్యి పట్టుకుని ఇక్కడికి తీసుకొచ్చి, అప్పటి యజమాని పెద్దాయనతో, "మా మరదలు. కోపిష్టిది. కోపం ఉన్నవాళ్ళకే రంగు కుదురుతుంది, పెట్టుకోండి," అన్నాడు. ఆ మాటకు తర్కం ఏమిటో ఈనాటికీ ఎవరికీ అర్థం కాలేదు.

"బావా, నన్ను కదిలించకు. మంచి మూడ్‌లో లేను."

"ఎప్పుడున్నావు గనక?" అని కోసిన మిగతా పద్నాలుగు ముక్కల కట్ట కుడిచేత్తో బల్ల మీద పెట్టి, వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర కాసేపు ఆగి, గోడకు ఆనుకున్నాడు. ఆమె చూసింది. తనను ఆటపట్టించడానికే నిలబడ్డాడనుకుని వీపు తిప్పుకుంది.

మధ్యాహ్నం దాకా ఏ పనీ సాగలేదు. ఇక ఓటమి ఒప్పుకుందామని, యజమానురాలికి చూపించడానికి పాడైన ఆరింటినీ బల్ల మీద వరసగా పేర్చింది. అప్పుడు కనబడింది. ఒక్కొక్కటీ చూస్తున్నంతసేపూ మచ్చే. ఆరూ పక్కపక్కన పెడితే మచ్చలన్నీ ఒకే చోట, ఒకే ఏటవాలుగా, నాలుగేసి పట్టీలు. ఆమె తన కుడిచెయ్యి తెచ్చి వాటి మీద ఆనించింది. నాలుగు వేళ్ళూ నాలుగు పట్టీల మీద కూర్చున్నాయి, కాకపోతే పట్టీలు తన వేళ్ళకంటే బాగా లావు.

తోలు కోసేముందు అరచేత్తో నిమిరి చూస్తాడు బావ. ఎక్కడ సాగుతుందో, ఎక్కడ బిగువుగా ఉందో కళ్ళకంటే వేళ్ళకే బాగా తెలుస్తుందంటాడు. ఆ వేళ్ళకే ఏదో జిడ్డు ఉంది. జిడ్డు మీద రంగు నిలవదు. పొద్దుటి నుంచి పెన్నును తిట్టింది, గాలిని తిట్టింది, వానను తిట్టింది. దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

విసురుగా వెళ్ళింది. అక్క పంపిన అన్నం డబ్బా విప్పకుండానే ఆయన స్టూలు మీద కూర్చుని, చొక్కా గుండీలు రెండు తీసి, ఎడమ భుజానికి ఏదో రాసుకుంటున్నాడు. బల్ల సొరుగులో నొప్పి మందు డబ్బా మూత తీసి ఉంది.

"బావా! నీకు బుద్ధుందా? ఆ మందు చేత్తోనే తోలంతా నిమిరావా? పొద్దుటి నుంచి నా ప్రాణం తోడేస్తోంది ఇదా?"

ఆయన తెల్లబోయాడు. చేతివేళ్ళు చూసుకున్నాడు. "అయ్యో. నేను... తుడుచుకుంటున్నానే చొక్కాకి."

"చొక్కాకి తుడిస్తే పోతుందా జిడ్డు? ఆరు ముక్కలు తగలేశావు! కిందటి వారం పద్నాలుగు బ్యాగులు! నా బల్ల ఎత్తేస్తామంటున్నారు, తెలుసా?"

"రెండు వారాల నుంచి లాగేస్తోందే భుజం. మీ అక్కకు చెప్పకు, ఊరికే గోల చేస్తుంది."

"రాసుకోవాలంటే ఇంటికెళ్ళి రాసుకో. ఇక్కడ మాత్రం ముట్టుకున్నావంటే ఊరుకోను. ముందు లేచి సబ్బుతో కడుక్కో. రెండుసార్లు."

"కడుక్కుంటాలే తల్లీ. ఆరూ మళ్ళీ కోసిస్తాను. సరేనా?" అని నవ్వి, మందు డబ్బాకు మూత బిగించి సొరుగు తోసేశాడు. కుళాయి దగ్గర ఆయన చేతులు తోముకోవడం, నిజంగానే రెండుసార్లు తోముకోవడం ఆమె నిలబడి చూసింది.

తిరిగి వస్తుంటే యజమానురాలు ఎదురైంది. "తెలిసిందా పిన్నీ దేనివల్లో?"

అసలే ముసలాయన్ను ఇంటికి పంపేద్దామని రెండు నెలలుగా అంటోంది ఆవిడ. "గాలిలో నీళ్ళు చేరాయి మేడమ్. బాగు చేశాను," అంది ఆమె, రెప్ప వాల్చకుండా.

పొద్దున్న బావ తెచ్చిన కట్టలోని పద్నాలుగింటినీ స్పిరిట్ గుడ్డతో ఒకటికి రెండుసార్లు తుడిచింది. మామూలుగా అలా చెయ్యరు, తోలు బిగుసుకుపోతుంది. వేరే దారి లేదు. తుడిచిన తోలు మీద పెన్ను వెన్నలా నడిచింది. ఈలోగా బావ గదిలోంచి ఒక్కొక్క ముక్కే కొత్తగా వచ్చింది, కుట్టుమిషన్ల ఆవిడ అటు వెళ్ళినప్పుడల్లా తెచ్చిచ్చింది. వాటికి స్పిరిట్ కూడా అక్కర్లేకపోయింది. అంచుల నుంచి నడిమికి రంగు దిగివస్తుంటే ఆమె పళ్ళబిగువు కాస్త సడలింది, పాత పాటేదో కూనిరాగం కూడా తీసింది. నాలుగింటికి పందొమ్మిది మూతలు దండెం మీద వేలాడుతున్నాయి. యజమానురాలు వచ్చి ఒక్కొక్కటీ తిప్పి చూసింది.

"ఏం రంగు పిన్నీ ఇది! రంగు తోలు మాట ఇక ఎత్తను, సరేనా? ఆ ఒక్కటీ అయిపోతే పంపించేద్దాం."

ఆమెకు ఒళ్ళు తేలికైంది. బల్ల నిలిచింది. ఈ మాట బావకు చెప్పి, ఆరోది ఏదని దబాయించి, ఇంకో నాలుగు తిట్టి మరీ తెచ్చుకుందామని, ఆరిన మూత ఒకటి చేత్తో పట్టుకుని అవతలి గదిలోకి వెళ్ళింది.

ఆయన బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. చెంప తోలుకు ఆనించి, కుడి అరచెయ్యి చాచి, కోసిన ముక్క మీద పెట్టుకుని.

"పనిలో నిద్రేంటి బావా? చూడు, ఎంత నున్నగా వచ్చిందో. చూడు అంటుంటే!" భుజం తట్టింది. చెయ్యి బల్ల మీద నుంచి జారి కిందికి వేలాడింది.

ఎదురు వీధి డాక్టరు వచ్చి, గుండె అన్నాడు. అరగంట దాటి ఉంటుందన్నాడు. ఈ మధ్య భుజం లాగుతోందనీ చెయ్యి లాగుతోందనీ ఏమైనా అనేవారా అని అడిగితే, యజమానురాలు, "లేదండీ, పొద్దున కూడా నవ్వుతూనే ఉన్నారు," అంది. ఆమె ఆ మూత పట్టుకుని అక్కడే నిలబడింది.

అక్క దగ్గర మాత్రం దాచలేకపోయింది. జనం వెళ్ళిపోయాక అక్క అడిగింది. "పక్క గదిలోనే ఉన్నావు కదే. నీతో ఏమీ అనలేదా?"

"అన్నాడక్కా. భుజం లాగుతోందన్నాడు. నేను... తోలు పాడవుతోందని తిట్టాను. ఎందుకు లాగుతోందని ఒక్క మాట అడగలేదు. పెన్నుకు ఏమైందని పదిసార్లు అడిగాను గానీ ఆయనకు ఏమైందని అడగలేదు."

అక్క చెల్లెలి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నాకు చెప్పినా నేనూ తిట్టేదాన్నేలే. అందుకే చెప్పి ఉండడు, వెధవ మనిషి," అని అప్పుడు ఏడ్చింది.

నాలుగో రోజు ఆమె పనికి వెళ్ళింది. వాన తగ్గింది. ఆయన గదిలో స్టూలు గోడవైపు జరిపి ఉంది. ఆయన చెయ్యి కింద ఉన్న ఆరో ముక్కను ఎవరో తెచ్చి ఆమె బల్ల మీద పెట్టారు. పందొమ్మిదింటినీ పంపేశారట, ఈ ఒక్కదానికీ దుకాణం వాళ్ళు ఆగుతామన్నారట.

ఆ రోజు పెన్ను ఒక్కసారి కూడా ఉమ్మలేదు. ముక్క చేతిలోకి తీసుకుంది. స్పిరిట్ సీసా పక్కనే ఉన్నా మూత తియ్యలేదు. పొడిగుడ్డతో కూడా తుడవలేదు. గుడ్డ మూతికి కట్టుకుని, బెత్తెడు దూరంలో పట్టుకుని, చెయ్యి ఆపకుండా పల్చగా ఒక పూత వేసింది. ఆరేదాకా కదలకుండా నిలబడింది. రెండో పూత వేసింది. ఆరాక కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగుకు ఏటవాలుగా పట్టింది, అటు తిప్పింది, ఇటు తిప్పింది, ముఖానికి దగ్గరగా తెచ్చుకుని నడిమిలో వెతికింది.

సబ్బుతో రెండుసార్లు కడుక్కున్న చెయ్యి అది. అంచు నుంచి అంచు దాకా రంగు నున్నగా పట్టింది, మూత మీద ఎక్కడా ఒక్క వేలి జాడ లేదు.