ఓప్నే

దుప్పటికి రెండు కొసలు నేను, రెండు కొసలు వదిన పట్టుకుని మడతపెడుతున్నాం. ఫోన్ మోగింది. వదిన తన కొసల్ని గడ్డం కింద అదిమిపెట్టి ఫోన్ ఎత్తింది.

"అవునండీ, ఆ మాటలో అక్షరాలు తారుమారే. అలాగే రాయండి. తాళం తెరుచుకుంటుంది."

ఫోన్‌తో తలుపు తాళాలు తీసే యాప్‌లు రాసేవాళ్ల కోసం వదిన ఒక సాఫ్ట్‌వేర్ కిట్ తయారుచేసింది. తాళంతో మాట్లాడే పనంతా అదే చూసుకుంటుంది. వాళ్లు ఒక్క ఆదేశం రాస్తే చాలు. అది లేకపోతే ఒక్కో తాళం దగ్గర జుట్టు పీక్కోవాలి. ఆ ఆదేశానికి ఇంగ్లీషులో 'ఓపెన్' అని పేరు పెట్టబోయి, చివరి రెండక్షరాలు అటూ ఇటూగా టైపు చేసింది వదిన. తప్పు కంటపడేసరికి లెక్కలేనన్ని యాప్‌లు ఆ మాట మీదే నడుస్తున్నాయి. దిద్దితే అవన్నీ ఆగిపోతాయి. అన్నయ్యకు అదొక వేళాకోళం. గుమ్మం బయట నిలబడి "ఓప్నే!" అని అరుస్తాడు. వదిన దానికి నవ్వడం ఎప్పుడో మానేసింది.

కంపెనీ అన్నయ్యది. ఆఫీసు మా ముందుగదే.

వదినకు వేరేచోట ఉద్యోగం వచ్చింది. ఈ సాయంత్రంలోగా వెళ్లి ఒప్పుకోకపోతే చెయ్యి జారుతుంది. అందుకే పాత పేరు తీయకుండా సరైన పేరునూ కిట్‌లో చేర్చింది. కిట్‌ని ఎలా చూసుకోవాలో మొదటి నుంచీ రాసిపెట్టింది.

"చదివావా?" అని అడిగింది, ముందుగదిలోంచి వచ్చిన అన్నయ్యను.

"నువ్వుండగా నాకెందుకు?"

"నేనుండననే కదా చెబుతున్నా."

"అబ్బో, మహారాణిగారు బయల్దేరారు! ఏమే చెల్లీ, రేపట్నుంచి ఫోన్లు నువ్వెత్తుతావా?"

నేను దుప్పటి అంచు సరిచేశాను.

"ఎవరెత్తినా జవాబులన్నీ అందులోనే ఉన్నాయి," అంది వదిన.

"కొత్త వెర్షన్ అయ్యేదాకా ఆగు, తర్వాత చూద్దాం."

"పోయిన వెర్షన్‌కీ ఇదే మాట."

"ఈ ఒక్కటే. ఒట్టు."

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి అన్నయ్య ఎత్తాడు. అవతలి మాట విని, నవ్వుతూ వదిన వైపు చాపాడు.

"అదే ప్రశ్న. నీకు నోటికొచ్చిందేగా, చెప్పెయ్."

వదిన చెయ్యి అలవాటుగా లేచి, సగంలో ఆగింది. దగ్గరికొచ్చి తన రెండు కొసలూ నా చేతుల్లో పెట్టింది. చెప్పులు వేసుకుంది.

"ఏయ్, ఎక్కడికి? పాపం, అవతల ఆయన లైన్లో ఉన్నాడు!"

అన్నయ్య చేతిలో ఫోన్ "హలో, హలో" అంటూనే ఉంది. వదిన గడియ తీసి, వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయింది.