బెత్తెడు దారి

గోడకు బిగించిన కొయ్య నిచ్చెనకు వేలాడుతూ తనూజ రెండు కాళ్లూ నిటారుగా ఎత్తి నుదుటికి ఆనించింది. నెమ్మదిగా దించింది. మళ్లీ ఎత్తింది. ఎన్నిసార్లని లెక్కపెట్టడం ఎప్పుడో మానేసింది. కడుపు కండరాలు వణకడం మొదలైతే ఇక చాలని దానికదే తెలుస్తుంది. పైన రేకుల సందుల్లోంచి పడుతున్న ఎండలో సన్నటి ధూళి తేలుతోంది. ఈ షెడ్డులో బడిపిల్లల రాతిపలకలు కోయడం ఆగిపోయి ఏళ్లు గడిచినా ఆ బూడిదరంగు పొడి గోడల్లోంచి ఇంకా రాలుతూనే ఉంటుంది. రోజూ పరుపులన్నీ తడిగుడ్డతో తుడిచాకే ఆమె పని మొదలుపెడుతుంది.

పద్దెనిమిది నిండబోతున్న పిల్ల. వెడల్పాటి భుజాలు, పొట్టి మెడ. మార్కాపురంలో ఏ టైలరు కుట్టిన జాకెట్టూ ఆమెకు సరిపోదు. అరచేతుల్లో వేళ్ల మొదళ్ల దగ్గర చర్మం కాయలు కాసి పసుపుపచ్చగా గట్టిపడింది. ఎక్కడ నిలబడినా మడమలు కలుస్తాయి, వెన్ను నిటారుగా లేస్తుంది. కిరాణా కొట్లో నిలబడినా అంతే.

బయట మోపెడ్ ఆగింది. శాంతయ్య సారు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ప్రభుత్వ బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. పలకరింపులేమీ ఉండవు. ఆమె వంగి పరుపు ఎత్తుతుంటే ఓ పక్కన నిలబడి చూస్తాడు. నొప్పి ఉందా అని అడిగితే లేదనే అంటుందని ఆయనకు తెలుసు. పరుపు ఎత్తే తీరు చూస్తే నడుము ఎలా ఉందో ఆయనకు తెలిసిపోతుంది. ఇవాళ తృప్తిగా తలూపి కిటికీ తెరిచాడు.

ఈ షెడ్డు తనూజ తాతది. ఆయన కాలంలో ఇక్కడి పలకలు వ్యాగన్లకెత్తి దేశమంతా పంపేవారు. గిరాకీ పడిపోయాక తండ్రి కృష్ణమూర్తి షెడ్డుకు తాళం వేసి బజార్లో కిరాణా దుకాణం పెట్టుకున్నాడు. బడిపిల్లలకు ఎండలో జిమ్నాస్టిక్స్ నేర్పలేక శాంతయ్య సారు ఆ షెడ్డు అడిగితే సరేనన్నాడు. పలకలకు చట్రాలు చేసిన వడ్రంగులే ఒక టేకు దూలాన్ని చెక్కి, పైన రెగ్జిన్ చుట్టి, మోకాలెత్తు బీమ్ తయారుచేశారు. అది చూడటానికి వచ్చిన తండ్రి వెంట తనూజ కూడా వచ్చింది. అప్పుడు ఒకటో తరగతి. పెద్దవాళ్లు మాట్లాడుకుంటుండగా బెత్తెడు వెడల్పున్న ఆ దూలం మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. తిరగకుండానే వెనక్కి నడుచుకుంటూ వచ్చింది. శాంతయ్య సారు మాట మధ్యలో ఆపేసి చూశాడట. ఆ కథ తండ్రి దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లకూ చెబుతాడు.

తర్వాత చాలామంది పిల్లలు వచ్చారు, మానేశారు. ఆమె మానలేదు. పదేళ్లప్పుడు హైదరాబాదులో అకాడమీకి ఎంపికైంది. హాస్టలు మంచం, పొద్దున శిక్షణ, మధ్యాహ్నం చదువు, సాయంత్రం మళ్లీ శిక్షణ. జూనియర్ జాతీయ పోటీల్లో బీమ్ మీద బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడు దేశం పేరున్న నీలం జెర్సీ వేసుకుని విదేశంలో పోటీలకు విమానమెక్కింది. అక్కడ బీమ్ మీది నుంచి ఒకసారి పడింది. పతకం రాలేదు. అయినా ఊళ్లో బస్టాండు దగ్గర ఆమె ఫ్లెక్సీలు కట్టారు. వాటిలో ఒకదాన్ని తండ్రి తెచ్చుకున్నాడు. వానాకాలంలో దుకాణం ముందు మిరపకాయల బస్తాల మీద కప్పుతాడు. బస్తాల మీద ఆమె గాలిలో ఎగురుతూ ఉంటుంది.

ఆ తర్వాత ఒక్కసారిగా పొడవు పెరిగింది. అలవాటైన మలుపులేవీ శరీరం వినలేదు. నడుము కింద ఎముకకు బీట పడిందని స్కానింగ్‌లో తేలింది. డాక్టరు విశ్రాంతి అన్నాడు. అకాడమీలో ఆమె మంచం ఇంకో పిల్లకు ఇచ్చారు. ఆర్నెల్లు ఇంట్లో పడుకుంది, తర్వాత లేచి తిరిగింది, దుకాణంలో కూర్చుంది. ఎముక అతుక్కుందని డాక్టరు చెప్పిన వారంలోనే తండ్రి ఎక్కడో వెతికి, పోటీల్లో వాడే ఎత్తైన బీమ్ పాతదొకటి, మందపాటి పరుపులు లారీలో తెప్పించి షెడ్డులో దింపించాడు. వచ్చే నెలలో ఢిల్లీలో సెలెక్షన్లు.

పొద్దుటి సాధన ముగించి తనూజ ఇంటికి వెళ్లింది. తల్లి భ్రమరాంబ రెండు పుల్కాలు, గోంగూరపప్పు, ఉడికించిన శనగలు పెట్టింది. తను తినబోయే అన్నంలో నెయ్యి వేసుకుంటూ, కూతురు చూస్తోందేమోనని గిన్నె కొంచెం అటు జరిపింది. ఎన్నో ఏళ్ల అలవాటు అది. కూతురు సెలెక్టయితే శ్రీశైలం వచ్చి మొక్కు చెల్లిస్తానని తల్లి అనుకుంది. ఆ సంగతి పూజగదిలో ముడుపు కట్టి పెట్టినందువల్ల ఇంట్లో అందరికీ తెలుసు.

అంతలో కృష్ణమూర్తి భోజనానికి వచ్చాడు. చెయ్యి కడుక్కుంటూనే చెప్పాడు.

“ఢిల్లీ బండిలో మూడూ కింది బెర్తులే దొరికినాయమ్మా. నువ్వు పైకెక్కే పనిలేదు.”

తనూజకు నవ్వొచ్చింది. మిగిలిన పుల్కా పక్కకు నెట్టింది. మంచినీళ్లు తాగి లేచింది.

సాయంత్రం షెడ్డుకు వచ్చాక, బీమ్ మీది నుంచి ఇవాళ పూర్తి ఎత్తులో దిగుతానని సారుతో అంది. చేతుల మీద తిరిగి, గాలిలో వెనక్కి రెండు మొగ్గలు వేసి కాళ్ల మీద వాలడం. దెబ్బ తగిలాక పరుపులు ఒకదాని మీద ఒకటి పేర్చుకునే చేసింది తప్ప అసలు ఎత్తు నుంచి దిగలేదు. వచ్చే వారం చూద్దామని ఆయన అన్నాడు. ఆమె ఇవాళే అంది. ఆయన పై పరుపులు లాగేసి, పక్కగా నిలబడ్డాడు.

తనూజ బీమ్ చివర నిలబడింది. ఇలాంటప్పుడు బొడ్డు కింద చల్లగా భయం కదిలేది. భయం పక్కనే, దాన్ని నెట్టేస్తూ, చెయ్యాలన్న తహతహ కూడా ఉండేది. ఇప్పుడు రెండింటినీ వెతుక్కుంది. రెండూ లేవు. కాళ్లు మాత్రం తమ పని తాము చేసుకుపోవడానికి సిద్ధంగా ఉన్నాయి. రెండడుగులు వేసింది. అరచేతులు బీమ్‌ను తాకి వదిలాయి. రేకులు, పరుపు, మళ్లీ రేకులు, మళ్లీ పరుపు. పాదాలు రెండూ ఒక్కసారే దిగబడ్డాయి. ఒక్క అడుగూ అటూ ఇటూ పడలేదు.

శాంతయ్య సారు భుజం మీది తువాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ఆ తువాలు చాలాసేపు ముఖం మీదే ఉంది.

“సార్, ఇంతటితో ఆపేస్తా.”

“చాలు ఇయ్యాల్టికి. రేపు చేద్దువులే.”

“ఇయ్యాల్టికి కాదు సార్.”

ఆయన తువాలు దించి ఆమెను చూశాడు. నడుము చూశాడు. ఆమె నొప్పేమీ లేదంది. ఆయన పరుపు అంచున కూర్చున్నాడు. ఆమె కూడా ఎదురుగా కింద కూర్చుంది.

“రోడ్డు మీద పోతా ఉన్నా నా పాదం ఎట్ల పడతా ఉందో చూసుకునేదాన్ని సార్. ఇంట్లో ఉన్న ఆర్నెల్లు ఎదురొచ్చే మనుషులను చూసినా. పేర్లు తెలుసుకున్నా. మళ్లీ బీమ్ ఎక్కినంక వాళ్లెవరూ నా కంటికి కనపడలే.”

“మరి ఇప్పుడు అంత ఎత్తు నుంచి ఎందుకు దిగినావు?”

“చేతగాక మానుకున్నానని రేపు నాకే అనిపించగూడదని.”

బయట ఎవరో మేకలను అదిలించుకుంటూ పోయారు. ఆయన పాతికేళ్లు ఎదురుచూస్తే వచ్చిన పిల్ల. ఇంకొకరు వచ్చేదాకా ఉండే వయసు కాదు ఆయనది. అది ఆమెకూ తెలుసు. అందుకే తల ఎత్తలేకపోయింది.

“నాయనకు చెప్పినావా?”

“ముందు మీకే.”

ఆయన తలూపాడు. లేస్తూ మోకాలు పట్టుకున్నాడు. “దిగడం బాగుందమ్మా. నేను చూసినవాటిల్లో ఇదే,” అన్నాడు.

ఇద్దరూ కలిసే దుకాణానికి వెళ్లారు. ఆయన మోపెడ్ ఎక్కకుండా తోసుకుంటూ ఆమె పక్కనే నడిచాడు. కృష్ణమూర్తి ఎవరికో బెల్లం తూస్తున్నాడు. కూతురు చెప్పినంతసేపూ తక్కెడ చేతిలోనే ఉంది. పొట్లం కట్టి, ఇచ్చి, ఆ మనిషి వెళ్లాక శాంతయ్య సారు వైపు చూశాడు. సారు మోపెడ్‌కు స్టాండు వేస్తున్నాడు. కృష్ణమూర్తి గల్లా మీద చేతులు పెట్టుకుని కాసేపు వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచి, ఇంట్లో ఉన్న ప్రతిరోజూ, చీకటితోనే నుదుటి మీద చెయ్యి వేసి లేపేది ఆయనే.

“రేపు ఎన్నింటికి లేపమంటావమ్మా?” అన్నాడు చివరికి.

“లేపొద్దు నాయనా.”

“సరే,” అన్నాడు. కాసేపాగి మళ్లీ “సరే” అన్నాడు. లోపలికి వెళ్లి సారుకు కుర్చీ తెచ్చి వేశాడు. సారు కూర్చోలేదు. షెడ్డు తాళం వెయ్యలేదని గుర్తొచ్చి వెనక్కి వెళ్లాడు.

లోపల ఇంకా కాస్త వెలుతురుంది. పరుపులు గోడకు చేరవేశాడు, నిచ్చెన పక్కన ఒలికిన నీళ్లు తుడిచాడు, కిటికీ వెయ్యబోయి ఆగాడు. దుకాణానికి బయలుదేరే ముందు తనూజ ముడి విప్పుకుని తల దువ్వుకున్నప్పుడు తీసి పెట్టినట్టుంది, కిటికీ గూట్లో నల్లటి తలపిన్నులు కొన్ని వరసగా ఉన్నాయి. వాటిలో ఒకదానికి పొడవాటి వెంట్రుక ఒకటి చిక్కుకుని గాలికి మెల్లగా కదులుతోంది.