ఎవరు చెప్పారనే గడి

"నీదేముంది మృదులా, ఏసీలో కూర్చుని చేసే ఉద్యోగం," అన్నాడు మా ఆయన కార్తీక్, నేను మూడో లంచ్ డబ్బా మూత బిగిస్తుంటే. వాళ్లమ్మకి ఉప్పు తగ్గించి విడిగా చేసిన కూర ఇంకా పొయ్యి మీదే ఉంది. జవాబు చెబుదామంటే అది అడుగంటుతుంది. కూరే చూసుకున్నాను. రాజేంద్రనగర్ నుంచి బస్సు పట్టుకుని శంషాబాద్ చేరేసరికి చెప్పాల్సిన జవాబు దొరుకుతుంది నాకు, రోజూ ఇంతే.

విమానాశ్రయానికి వెళ్లే రోడ్డు పక్కన గిడ్డంగుల వరసలో ఉంటుంది మా కంపెనీ. చుట్టుపక్కల హోటళ్లకు దుప్పట్లు, తువ్వాళ్లు, చిన్న సబ్బులు పంపుతాం. ఏ హోటల్‌కి ఏ ధర, ఎంత సరుకు తీసుకుంటే ఎంత తగ్గింపు అనేది సాఫ్ట్‌వేర్‌లో నియమాలుగా పెట్టడం నా పని. పెట్టేదాన్నే కానీ, నిర్ణయించేదాన్ని కాదు. అమ్మకాల మేనేజర్ నరేందర్ దారిలోంచి ఫోన్ చేస్తాడు. "మేడమ్, గా కొత్త హోటలోళ్లకు పద్దెనిమిది శాతం తగ్గించుండ్రి జర. అర్జెంట్." నేను పెడతాను. ఆయన మాట ఫోన్‌లోనే పోతుంది. సిస్టమ్‌లో మిగిలేది నా పేరు.

పోయిన నెల మీటింగులో యజమాని భీమశంకరరావు గారు ఆ పద్దెనిమిది శాతాన్ని తెర మీద చూపించి, "రెండు వారాలని కదా అనుకున్నాం, రెండు నెలలైనా ఎందుకుంది?" అని అడిగారు. నరేందర్ తన పెన్ను వైపు చూస్తూ, "మేడమ్ తీసుడు మరిచినట్టున్నది సార్," అన్నాడు. రెండు వారాలన్న మాట నాకెవరూ చెప్పలేదు. నోరు తెరిచాను. బయటికొచ్చింది మాత్రం "సారీ సార్". అంత తొందరగా ఎక్కణ్ణుంచి వచ్చిందా మాట అని దారంతా ఆలోచించాను. పప్పులో ఉప్పు తగ్గితే సారీ, గ్యాస్ అయిపోతే సారీ, అత్తయ్య మాత్రలు వేసుకోవడం ఆవిడే మర్చిపోయినా సారీ. తొమ్మిదేళ్ల అలవాటు, ఆలోచనకంటే ముందే నాలుక మీదికి వచ్చేస్తుంది. ఇంట్లో చెబితే కార్తీక్, "ఒక్క సారీతో పోయిందిగా, వదిలెయ్," అన్నాడు. అత్తయ్య టీవీ చూస్తూనే, "ఆడవాళ్లు కాస్త సర్దుకుంటేనే ఏ ఆఫీసైనా నడిచేది," అన్నారు.

మర్నాడు భోజనాల దగ్గర ప్యాకింగ్‌లో చేసే మాధవీలత నన్ను వదల్లేదు. ఈ పక్క ఊరి పిల్ల, మాట దాచుకోదు.

"నువ్వెందుకు సారీ చెప్పినవ్ అక్కా? మా దగ్గర పెట్టెల సబ్బు ఒక్కటి తక్కువైనా, ఎవరు సర్దిన్రో చీటీ మీద పేరుంటది. పైనోళ్లకు చీటీ లేదా ఏంది?"

ఆ మధ్యాహ్నమే సాఫ్ట్‌వేర్ సహాయ పేజీలు తెరిచాను. ధరల నియమాలకు, వివరాలు నింపే గడులు మనకు కావలసినవి మనమే చేర్చుకోవచ్చట. ఆరేళ్లుగా వాడుతున్నాను, ఎవరూ చెప్పలేదు, నేనూ వెతకలేదు. భోజన విరామాల్లో, మార్పులు పరీక్షించడానికి ఉంచిన సాఫ్ట్‌వేర్ నకలు మీద ప్రయత్నించాను. మొదటిసారి గడి కనిపించింది కానీ, రాసింది నిలవలేదు. రెండోసారి పాత నియమాలన్నీ మొరాయించాయి. నాలుగో రోజు కుదిరింది. కొత్త నియమం పెట్టాలంటే మూడు గడులు నింపి తీరాలి: ఎవరు చెప్పారు, ఎందుకు, ఎప్పటిదాకా. నరేందర్‌కీ, యజమానికీ మెయిల్ పెట్టాను. యజమాని నుంచి "సరే" అని ఒక్క ముక్క వచ్చింది. అసలు సిస్టమ్‌లో చేర్చాను.

సోమవారం ఇంకో హోటల్‌కి తగ్గింపు పెట్టమని నరేందర్ ఫోన్. "ఎవరు చెప్పారన్న గడిలో మీ పేరు రాస్తున్నాను సార్. కారణం, తేదీ కూడా చెప్పండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"గిదేంది మేడమ్, నా మీద నమ్మకం లేదా? తీసెయ్యుండ్రి అది."

"తీసెయ్యమని మెయిల్ పెట్టండి సార్."

మెయిల్ రాలేదు. సాయంత్రం మనిషే వచ్చి, నా బల్ల ముందు కుర్చీలో కూలబడ్డాడు. ముఖం వాడిపోయి ఉంది. "అప్పుడు గా పద్దెనిమిదిని రెండు నెలలు నడిపింది నేను కాదు మేడమ్. తియ్యనియ్యొద్దని పెద్ద సార్ బామ్మర్ది చెప్పిండు. నేను కాదంటే నా నౌకరి ఉంటదా?"

ఆయన కూడా నాలాగే ఎవరి మాటో మోస్తున్నాడని అప్పుడే తెలిసింది. జాలి వేసింది. అలాగని గడి తీయలేదు. "ఆయన చెబితే ఆయన పేరే రాద్దాం సార్. మీకూ మంచిదే," అన్నాను. తలూపాడు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఆ దినం మీటింగుల... తప్పు నాదే మేడమ్," అన్నాడు.

రెండు వారాలకి సాఫ్ట్‌వేర్ వాళ్లు బెంగళూరులో మూడు రోజుల శిక్షణ పెట్టారు. యజమాని నన్ను పిలిచి, ఈసారి మీరు వెళ్తారా అని అడిగారు. ఇంట్లో కనుక్కుని చెబుతానండీ అనబోయి, ఆగాను.

"వెళ్తానండీ," అన్నాను.

రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. అత్తయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. కార్తీక్, "మూడు రోజులా? వంట సంగతేంటి? అసలు ఎవరినడిగి ఒప్పుకున్నావు?" అన్నాడు.

"నన్ను నేనే అడిగాను," అన్నాను. "ఒప్పుకున్నాను."